మారిషసు ద్వీపమున భూక్రయము: నాడును నేడును

గత సంవత్సరపు మన మహాసభయందు పోషకులలో కొందరు ఒక ప్రతిపాదన చేసియుండిరి. హిందూమహాసముద్రమున నున్న మారిషసు ద్వీపమున మన సంఘము పేర ఒక యిల్లుగాని, యిల్లు కట్టుకొనదగిన కొంత నేలగాని కొనియుంచినచో, విహారార్థము పోవు మనవారికి విడిదిగాను, సంఘపు నిలువ ద్రవ్యమునకు వృద్ధిగాను ఉండునని వారి యాశయము. కార్యవర్గమువారు ఆ విషయమును విచారించి రమ్మని కోశాధిపతిగారిని, వారికి తోడుగా మమ్మును నియమించిరి. ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు సంస్కృతాంధ్రములు చెప్పి విశ్రాంతి గొన్న మాకు భూముల బేరము తెలియదు. కోశాధిపతిగారికి లెక్క తెలియును. మాకు పాత గ్రంథములు చదువు నలవాటు కలదు. ఈ రెండింటి కూడికతో పండ్రెండు దినములు ఆ ద్వీపమున సంచరించి వచ్చితిమి. మేము చూచినదియు, చదివినదియు, తుదకు మాకు తోచినదియు సభ్యుల యెదుట నుంచుటకే యీ వ్యాసము.

ద్వీపశబ్దము 'ద్వి', 'అప్' అను రెండు పదముల చేరికవలన నేర్పడినదని శాబ్దికులు చెప్పుదురు. ఇరుదెసల నీరు గలది యని దాని యర్థము. మారిషసు భూమధ్యరేఖకు దక్షిణమున 20వ అక్షాంశమునకు దాపున, మడగాస్కరు దీవికి తూర్పున నున్నది. వైశాల్యము 1,865 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ఉదయమున నొక తీరమున బయలుదేరినవాడు మధ్యాహ్న భోజనమునకు రెండవ తీరము చేరగలడు. అగ్నిపర్వతములు క్రక్కిన ద్రవము చల్లారి గట్టిపడగా నేర్పడిన నేల యది. చుట్టును పగడపు దిబ్బలు కోటగోడవలె నిలిచి కెరటముల నాపుచున్నవి. దిబ్బలకు లోపల నీరు నిలుకడగా, మరకతమణివలె పచ్చగా నుండును. నడిమి భాగము మెట్టవలె ఎత్తై చల్లగా నుండును. ఎటు చూచినను చెరకు తోటలు. తోటల నడుమ నల్లరాళ్లు పేర్చిన గుట్టలు. ఆ గుట్టల మాట మరల చెప్పుదుము.

మొదటి మూడు దినములు ఒక మధ్యవర్తి మమ్ము తీరమువెంట త్రిప్పెను. ఉత్తర తీరమునను పడమటి తీరమునను ఆయన చూపిన యిండ్లు చూడముచ్చటగా నుండెను. అయితే సముద్రమునకు అంటియున్న నేల మాత్రము అమ్మకమునకు లేదని తెలిసికొంటిమి. పోటునీటి గీటునుండి లోపలికి 'యాబది పదములు' అను కొలతగల పట్టీ రాజ్యమునకు చెందినది. అది 250 ఫ్రెంచి అడుగులు, అనగా 81.21 మీటర్లు. తీరరక్షణకొరకు ఫ్రెంచివారు తమ కాలమున నేర్పరచిన యీ నియమము ప్రభుత్వములు మారినను మారలేదు. ఆ పట్టీని కౌలున కీయవచ్చునుగాని విక్రయింపరాదు. కోశాధిపతిగారు విని, "మాష్టారూ, రెండువందల యేండ్లుగా ఒక మాటమీద నిలిచిన నేల యిది," అనిరి.

ఇంకొక సంగతి మమ్ము నాకర్షించెను. ఏ వీధిమొగమున చూచినను, ఏ కొత్త ఇండ్లపేటలో చూచినను 'మోర్సెల్మాన్' అను పదముతో పేరుపలకలు కానవచ్చెను. అది ఎవరో ధనికుని యింటిపేరేమోయని కోశాధిపతిగారు భ్రమించిరి. అది ఫ్రెంచి మాట. ముక్కలు చేయుట యని యర్థము. పెద్ద క్షేత్రమును చిన్న ముక్కలుగా విభజించి యమ్మిన చోటికి ఆ పేరు వచ్చును. మన దేశమున 'లేఅవుటు' అను మాట యెట్టిదో అక్కడ నిది యట్టిది. కాని యీ మాట వెనుక ఆ దీవి చరిత్రలో సగము దాగియున్నది. అందువలన నాల్గవదినమునుండి మేము మధ్యవర్తిని విడిచి చరిత్రవెంట పోయితిమి.

స్థిరనివాసు లెవ్వరును లేని యీ దీవికి 1598లో డచ్చివారు వచ్చి, తమ రాజకుమారుడైన మారిస్ పేర దానికి నామకరణము చేసిరి. 1638లో కాపురము పెట్టి, జావానుండి చెరకు తెచ్చి నాటి, నల్లచేవగల వృక్షములను నరికి, 1710లో విడిచిపోయిరి. డోడో యను నెగురలేని పక్షి వారి కాలముననే రూపుమాసెను. 1715లో ఫ్రెంచివారు వచ్చిరి. 1735లో గవర్నరుగా వచ్చిన లా బూర్డొనే పోర్టు లూయీ పట్టణమును వృద్ధిచేసెను. ఆ పట్టణ నిర్మాణమునకు పుదుచ్చేరి ప్రాంతపు శిల్పులను రప్పించిరి. 1746లో చెన్నపట్టణమును పట్టుకొన్నవాడు ఈ లా బూర్డొనేయే. ఆ కాలమున భూమి కొనవలసిన యవసరము దొరలకు లేదు. ఫ్రెంచి కంపెనీ తన వలసదారులకు నేలను దానపత్రములతో పంచి యిచ్చెను; ఆ నేలను దున్నుటకు ఆఫ్రికానుండియు మడగాస్కరునుండియు బానిసలను తెచ్చిరి. భూమి ఉచితము, శ్రమ బలాత్కారము. దీవిలో పెద్ద క్షేత్రములకు పునాది యిట్లు పడినది.

1810లో బ్రిటిషువారు దీవిని జయించిరి. క్షేత్రములు మాత్రము ఫ్రెంచి కుటుంబముల చేతనే నిలిచెను; ఫ్రెంచి పౌరస్మృతియు, పత్రములను నోటరీ యెదుట వ్రాయించు పద్ధతియు నిలిచెను. నేటికిని భూక్రయ మా పద్ధతిననే జరుగుచున్నది. 1825లో ఇంగ్లండులో మారిషసు చక్కెరపై సుంకము తగ్గగా చెరకుసాగు విజృంభించెను. 1835లో బానిసత్వము రద్దయ్యెను. విడుదల పొందిన బానిసలకు ఒక కాసైన ఈయలేదు. యజమానులకు మాత్రము సుమారు 20 లక్షల పౌన్ల పరిహారము ముట్టెను. ఇక చెరకు నరకువా రెవ్వరు? ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరముగా మనవారు కొనిపోబడిరి.

1834 నవంబరు 2వ తేదీన కలకత్తానుండి 'అట్లాస్' అను ఓడ 36 మంది కూలీలను దింపెను. నాటినుండి 20వ శతాబ్ది తొలిభాగమువరకు నాలుగున్నర లక్షలకు పైబడి భారతీయు లా రేవున దిగిరి. అధిక సంఖ్యాకులు భోజపురీ మాట్లాడువారు. వారి తరువాత చెన్నపురి రాజధానిలోని తమిళులు, తెలుగువారు. గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాల మనవారు కోరంగి మొదలగు రేవుల పేర అచ్చట 'కోరంగీలు' అనిపించుకొనిరి. 1839 నవంబరులో పెనుతుపాను కోరంగి రేవును పాడుచేసినను, ఆ పేరు మాత్రము సముద్రమునకు ఆవలి యొడ్డున బ్రతికియున్నది.

పోర్టు లూయీలో వారు దిగిన చోటును మేము చూచితిమి. 1849లో కట్టిన ఆ కూలీల విడిదికి నేడు 'ఆప్రవాసీ ఘాట్' అని పేరు. 2006లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది. సముద్రమునుండి పైకి పదునారు రాతిమెట్లు కలవు. మేమా మెట్లను ఎక్కితిమి. ఇప్పటికిని నవంబరు 2వ తేదీ ఆ దేశమున సెలవుదినము.

ఒప్పంద మైదేండ్లకు. జీతము నెలకు ఐదు రూపాయలు; బియ్యము, పప్పు, ఉప్పు అదనము. ఒక దినము పనికి రానివానికి రెండు దినముల కూలి తెగగోయు నియమముండెను. మొదట తిరుగు ప్రయాణపు ఓడకూలి యజమానులది యని చెప్పి, 1850 దశకమున దానిని తీసివేసిరి. ఒప్పందము తీరినవాడైనను స్వేచ్ఛగా తిరుగరాదు. 1867 నాటి శాసనము ప్రకారము తన ఛాయాచిత్రముతో కూడిన చీటి యెల్లప్పుడును దగ్గర నుంచుకొనవలెను. అది లేనివాడు దిమ్మరిగా నెంచబడి చెరసాలకు పోవలెను. అదే కాలమున, 1866 మొదలు 1868 వరకు, మలేరియా జ్వరము పల్లపు ప్రాంతములలో వేలకొలది ప్రాణములను హరించెను. ధనికులు తీరమును విడిచి చల్లని మెట్టకు చేరిరి. నేడు డాలర్లతో గాని ముట్టరాని యా తీరభూమి నాడు జ్వరభూమియై యుండెనని పాఠకులు గమనింపవలెను.

1871లో అడాల్ఫ్ ద ప్లేవిట్జ్ అను తోటయజమాని, ధర్మమునకు వెరచినవాడై, తొమ్మిదివేలకు పైబడిన పాత కూలీలచే గుర్తులు పెట్టించి గవర్నరునకు విన్నపము సమర్పించెను. తోటి యజమానులు వీధిలో నతనిని కొట్టిరి. విన్నపము మాత్రము వ్యర్థము కాలేదు. 1872లో రాజకీయ విచారణ సంఘము నియమింపబడెను. 1875లో నివేదిక వెలువడెను. 1878లో కొత్త కార్మిక శాసనము వచ్చెను.

ఇచ్చటినుండి మన 'మోర్సెల్మాన్' కథ మొదలగును. ఐరోపాలో దుంపచక్కెర విరివిగా తయారగుటచే 1880 దశకమున చెరకు చక్కెర వెల పడిపోయెను. 1892 ఏప్రిలు 29న వచ్చిన పెనుతుపాను పోర్టు లూయీని నేలమట్టము చేసి వేయిమందికి పైగా పొట్టనబెట్టుకొనెను. క్షేత్రస్వాములకు అప్పులు పెరిగెను. మిల్లులు బాగుచేసుకొనుటకు రొక్కము కావలసెను. అప్పుడు వారు తమ క్షేత్రముల అంచులను, రాళ్లు నిండిన వాలులను, నీరెక్కని చెక్కలను ముక్కలుచేసి యమ్మజూపిరి. కొనువా రెవ్వరు? ఐదు రూపాయల కూలీలు, కూలీల బిడ్డలు. సర్దార్లనబడు మేస్త్రీలును, చిల్లర వర్తకులును పెద్ద చెక్కలను గుత్తగా కొని, మరల చిన్న ముక్కలుచేసి వాయిదాలమీద నమ్మిరి. అచ్చటి కొలత ఆర్పాన్; అది మన యెకరముకంటె కించిత్తు పెద్దది.

ఆవుపాలమ్మియు, కూరగాయలు పండించియు, వారు వాయిదాలు కట్టిరి. రాతినేలను చేతులతో చదునుచేసిరి. చెరకుతోటల నడుమ మేము చూచిన నల్లరాళ్ల గుట్టలు పూర్వము బానిసలును, పిమ్మట కూలీలును, ఆ కూలీలే రైతులైన పిమ్మట వారును ఎత్తిపోసినవి. వాయిదా తప్పి నేల పోగొట్టుకొన్నవారును కలరు. వడ్డీకి బలియైనవారును కలరు. అయినను 1920 ప్రాంతమునకు దీవిలోని చెరకు భూమిలో మూడవవంతునకు పైగా భారతీయుల సాగులోనికి వచ్చెను. క్షేత్రములలోని కూలిపాకలను విడిచి వారు తమ నేలమీద ఊళ్లు కట్టుకొనిరి. ఊరితోపాటు గుడి వచ్చెను, బడి వచ్చెను. 1901లో దక్షిణాఫ్రికానుండి వచ్చుచు దారిలో కొన్ని వారములు అచ్చట నాగిన గాంధీమహాత్ముడు, బిడ్డలకు చదువు చెప్పింపుడనియు, రాజకీయములందు పాల్గొనుడనియు వారికి హితవు చెప్పెను. 1968 మార్చి 12న దీవి స్వతంత్రమైనప్పుడు పాలనము ఆ కూలీల మనుమల చేతికి వచ్చినదనిన, దానికి మూలములలో నొకటి ఆ రాతిచెక్కల పట్టాలే యని మా యభిప్రాయము.

రెండవ విభాగము మన కన్నులయెదుట జరుగుచున్నది. 1975లో కుదిరిన ఒడంబడిక ప్రకారము ఐరోపా దేశములు మారిషసు చక్కెరను మంచి వెలకు కొనుచుండెను. 2006 మొదలు ఆ వెలను నూటికి 36 వంతులు తగ్గించిరి. 2009లో ఒడంబడికయే ముగిసెను. మరల ఐరోపాలో వెల పడెను. మరల క్షేత్రస్వాములు నేలను ముక్కలుచేసిరి. ఈసారి అమ్మకమునకు వచ్చినది రాతివాలు కాదు, సముద్రము కనబడు నేల. కొనువారు కూలీలు కారు, విదేశీయులు. విదేశీయుడు అనుమతి లేనిదే స్థిరాస్తి కొనరాదని 1975 నాటి చట్టము చెప్పుచున్నను, 2002 మొదలు ప్రభుత్వమువారు ఏర్పరచిన పథకముల ద్వారమున ధనికులకు త్రోవ తెరువబడినది. నిర్ణీతమైన వెలకు ఇల్లు కొన్న విదేశీయునకు నివాసపు అనుమతియు లభించును. 2020లో ఆ వెలను 5 లక్షల డాలర్లనుండి 3,75,000 డాలర్లకు తగ్గించిరి. మన ప్రతిపాదన యీ రెండవ విభాగమునకు చెందినది. మన రక్తబంధువులు మొదటి విభాగమునకు చెందినవారు. ఈ భేదము మాకు తెలిసివచ్చినది ఎనిమిదవ దినమున.

ఆ దినమున దక్షిణభాగమందలి యొక పల్లెలో తెలుగు వృద్ధు డొకడు మమ్ము తన యింటికి పిలిచెను. ఆయన మాటలాడునది క్రియోలు. తెలుగున నాలుగు మాటలు, భజనపాటలు తెలియును. సింహాద్రి అప్పన్న పూజయు, అమ్మోరు పండుగయు తప్పక చేయుదురట. ఉగాది ఆ దేశమున అందరికిని సెలవు. మనుమరాలు బడిలో తెలుగు చదువుచున్నది. ఆమెయే మాకు దుబాసి యయ్యెను. వృద్ధుడు ఇనుపపెట్టెనుండి ఒక పత్రము తీసి చూపెను. ఫ్రెంచిలో వ్రాసిన క్రయపత్రము. సగము ఆర్పాను నేల, రెండు పేరులు, రెండు వ్రేలిముద్రలు.

"ఇద్దరన్నదమ్ములా?" అని కోశాధిపతిగారడిగిరి.

"కాదు బాబూ, ఒక ఓడలో వచ్చినోళ్లు," అని వృద్ధుడు తెలుగుననే చెప్పెను.

ఒకడు విశాఖపట్టణపు జిల్లావాడు, ఇంకొకడు గోదావరి తీరమువాడు. ఒక్కనికి చాలని సొమ్ము ఇద్దరు కలిపి చెల్లించిరి; సగము సగముగా దున్నుకొనిరి; పిమ్మట బిడ్డల నిచ్చి పుచ్చుకొనిరి. మేమప్పుడు మా వెంట తెచ్చుకొన్న ప్రశ్న నడిగితిమి. మన కులమువారు దీవిలో ఎంతమంది యున్నారో తెలిసికొని రమ్మని కొందరు పోషకులు మాకు చెప్పియుండిరి. మనుమరాలు ఆ ప్రశ్నను క్రియోలులోనికి మార్చుటకు తడబడెను. వృద్ధుడు కొంతసే పాలోచించి, "పాత కాగితాల్లో రాసుంటాదంట. మేం తెలుగోళ్లం," అనెను. ఇంతకు మించి యాయన చెప్పలేదు, మేమును అడుగలేదు. ఓడలో ఒకే వంటపాత్రనుండి తిని, రెండు వ్రేళ్లతో నొక పట్టా పొందినవారి సంతానమును ఏ లెక్కలో వ్రాయగలము? కావున ఆ లెక్క మేము తేలేదని పోషకులు మన్నింతురు గాక.

ఇచ్చట మా సొంత సంగతి యొకటి విన్నవింపక తప్పదు. మా ముత్తాతగారి తమ్ముడొకడు 1880 దశకమున అన్నతో తగవుపడి యిల్లు విడిచి, కోరంగి వైపు పోయి ఓడ యెక్కెనని మా నాయనమ్మ చెప్పుచుండెడిది. మరల రాలేదు, జాబు లేదు. ఊరిలో నాయన వాటాకు వచ్చిన రెండెకరముల మాగాణిని కొన్నాళ్లు వేరుగా నుంచి, పిమ్మట మావారే కలుపుకొనిరి. ఆ నేలమీది పంటతోనే మా నాయనగారును, పిదప మేమును చదువుకొంటిమి. ఒకని నేల తిని చదివిన చదువుతో ఆ దీవికి నేల కొనుటకు పోయితిమన్నమాట.

1970లో స్థాపింపబడిన మహాత్మాగాంధీ సంస్థలో ఆ కూలీల దస్తరములు భద్రముగా నున్నవి. ప్రతి కూలీకి ఒక సంఖ్య. పేరు, తండ్రిపేరు, ఊరు, కులము, వయస్సు, ఎత్తు, ఒంటిమీది మచ్చలు, ఎక్కివచ్చిన ఓడ, అన్నియు అందు వ్రాయబడినవి. అచ్చటి యుద్యోగి మర్యాదతో మమ్ము కూర్చుండబెట్టి, ఓడపేరేమి, సంవత్సరమేమి, సంఖ్య యేమి యని యడిగెను. మాకు తెలిసినది అప్పలస్వామి యను పేరొక్కటే. ఆ పేరు గలవారు ఒకరా, ఇద్దరా? ఆయన తండ్రిపేరు అడిగినప్పుడు మేము నోరు మెదపలేకపోతిమి. అమరకోశము కంఠస్థము చేసినవారము, మా యింటి పెద్ద పేరు చెప్పలేకపోతిమి.

ఇక మా నివేదిక. ఇల్లు మంచిదే, సముద్రము సుందరమే, వెల మాత్రము మన కోశమునకు భారము. కొన్నను విదేశీయులమై అనుమతులకు లోబడియుండవలెను. కోశాధిపతిగారు వేసిన లెక్క వేరుగా సభ్యులకు అందజేయబడును. అయినను లెక్కకంటె ముఖ్యమైన కారణ మొకటి కలదు. మనవా రా దీవిలో నేల కొన్నది నిలుచుటకు. రాళ్లెత్తి, వాయిదాలు కట్టి, అందులోనే కలసిపోయిరి. మనము కొనబోవునది ఏటికి పదిదినములు దిగి, వెల పెరిగిన వెంటనే యమ్ముటకు. వారు కొన్నదానికి ఆస్తి యని పేరు. మనము కొనునది సరకు. అది తప్పని మేమనము; ధనవంతులు తమ సొమ్ముతో కొనుకొనవచ్చును. సంఘపు సొమ్ముతో మాత్రము వలదని మా ఇరువుర యేకాభిప్రాయము. ఆ ద్రవ్యము విద్యార్థివేతన నిధిలోనే యుండదగును.

దానికి బదులుగా సభ్యులను మేమొకటి కోరుచున్నాము. గోదావరి మొదలు గంజామువరకు మన యూళ్లలో ఓడ యెక్కి తిరిగిరాని వాడొకడు లేని వంశము అరుదు. మారిషసుకు పోయినవారు కొందరు, బర్మాకు, ఫిజీకి, నటాలుకు పోయినవారు కొందరు. ఇండ్లలో ముసలివా రింకను జీవించియుండగనే వారి నడిగి, పోయినవాని పేరు, తండ్రిపేరు, ఊరు, పోయిన కాలము, వానికి ఊరిలో నుండిన వాటా యేమైనదియు వ్రాసి సంఘ కార్యాలయమునకు పంపుడు. వాటా మాట దాచవలదు. దానిని తిరిగి యిమ్మని యడుగువా రెవ్వరును రారు. దస్తరములు వారివద్ద నున్నవి, జ్ఞాపకము మనవద్ద నున్నది. ఈ రెండును కలిసిననాడు గాని అటువైపు మనుమలకు తమ ఊరు తెలియదు, ఇటువైపు మనకు మన ఋణము తెలియదు.

మా వంతుగా మేము మొదలుపెట్టితిమి. తిరిగివచ్చిన వారమునకు మా గ్రామమునకు పోయి, పాత భూమిలెక్కలు వెదకించి, ముత్తాతగారి తండ్రిపేరు పట్టుకొంటిమి. ఆయన పేరు సన్యాసి. ఆ పేరును, ఊరిపేరును వ్రాసి పోర్టు లూయీకి జాబు పంపియున్నాము. ప్రత్యుత్తరము వచ్చినచో మరుసటి మహాసభ సంచికయందు విన్నవించుకొందుము.